లవంగాల వాసన

కత్తి మొన బొమ్మ పొట్టలోకి దిగగానే దూదికి బదులు సిగరెట్ పెట్టెలు బయటపడ్డాయి. వాటి మధ్య లవంగాలు చల్లి ఉన్నాయి. పొగాకు వాసన బయటికి రాకుండా ఆన్‌లైన్ దొంగ కొట్లవాళ్లు వేసే ఎత్తు అది. కస్టమ్స్ షెడ్డులో పార్సిళ్లు విప్పే ఆమెకు ఆ వాసన తగిలితే చాలు, ఒళ్లు మండుతుంది.

"మళ్లీ వాడేనా అక్కా?" అన్నాడు స్కానర్ దగ్గరి ఉద్యోగి.

"వాడే. పొద్దున కొట్టు మూయిస్తే మధ్యాహ్నానికి ఇంకో పేరుతో తెరుస్తాడు. సిగ్గూ శరమూ లేని జన్మ!"

పార్సిల్ తిప్పి చిరునామా చూసింది. తన ఇల్లు. తన భర్త పేరు.

పోయిన నెలలో ఆయన పేరుతోనే ఒకటి ఇలాగే ఈ బల్ల మీదికే వచ్చింది. ఇక ఒక్కటి కాల్చినా ఊపిరితిత్తులు తట్టుకోలేవని డాక్టరు చెప్పి ఉన్నాడు. ఆ రోజే ఆయన దేవుడి పటం మీద చెయ్యి వేసి, మానేస్తానని ఒట్టు పెట్టాడు.

"పక్కన పడేయనా అక్కా? ఎవరూ చూడలేదు."

"ఎందుకూ? ఊళ్లోవాళ్లకో న్యాయం, మా ఆయనకో న్యాయమా?"

జప్తు సీలు తనే వేసింది.

ఇంటికి చేరేసరికి ఆయన కిటికీ పక్క కుర్చీలో ఆయాసపడుతున్నాడు. దగ్గరికి వెళ్లగానే గుప్పున లవంగాల వాసన.

"నా ముక్కుకే గంతలు కడతారా? బొమ్మ పొట్టలో దాచినవాడికీ మీకూ తేడా ఏముంది?"

"నేను తెప్పించలేదే. ఒట్టు."

"దేవుణ్ణి ఇందులోకి లాగకండి. కాల్చుకోండి, కాల్చుకుని చావండి!"

ఆయన మొహం గోడవైపు తిప్పుకున్నాడు. ఆమె వంటింట్లో గిన్నెలు ఎత్తెత్తి పడేసింది. అన్నం వడ్డించి పిలిస్తే పలకలేదు. అలక అనుకుంది. భుజం పట్టి కుదిపితే తల పక్కకు వాలిపోయింది.

అయినవాళ్లకు కబురు చెప్పడానికి ఆయన ఫోన్ తెరిచింది. కిందటి వారం కొట్టువాడు పంపిన సందేశం కనబడింది: "మీ పార్సిల్ కస్టమ్స్‌లో పట్టుబడింది. మా హామీ ప్రకారం మరొకటి ఉచితంగా పంపుతున్నాం." దాని కింద ఆయన జవాబు: "వద్దు బాబూ. మానేశాను."

ఆమె పటం వైపు తిరిగింది. "వాడి కొట్టు ఎలాగూ మూయించలేదు కదయ్యా! చావమన్న నా నోరైనా మూయించకపోయావా?"

కుర్చీ చేతి మీద చిన్న కాగితం పొట్లం విప్పి ఉంది. కాల్చాలనిపించినప్పుడల్లా ఆయన నమలగా, అడుగున కాసిని లవంగాలు మిగిలాయి.