నూనె దిగే పైపు

మోహనాచారి బానెట్ ఎత్తి ఇంజను మీదికి వంగి ఉన్నాడు, తను పోయి రేపటికి ఏడాది అవుతుందన్న ధ్యాసే లేనట్టు, స్పానరు పళ్ళ మధ్య కరుచుకుని, ఎడమచెయ్యి మోచేతి దాకా లోపలికి దూర్చి ఏదో తడుముతున్నాడు. వెనక నిలబడ్డ బామ్మర్ది వీరబ్రహ్మానికి అది ఏ చోటో అంతుపట్టడం లేదు. బెజవాడ ఆటోనగర్‌లో ఇద్దరూ కలిసి పనిచేసిన షెడ్డులాగే ఉంది, కానీ పైన రేకులు ఉండాల్సిన చోట రేకులూ లేవు, ఆకాశమూ లేదు, ఒట్టి తెలుపు ఉంది, కింద ఎప్పటి గ్రీజు మరకల మీదుగా కాలవ నీళ్ళు చప్పుడు లేకుండా పారుతున్నాయి, ఇద్దరి చెప్పులూ తడవడం లేదు.

"నిలబడి చూస్తావేంట్రా బ్రహ్మం, ఆ లైటు ఇటు పట్టు," అంటాడు మోహనాచారి స్పానరు నోట్లోంచి తియ్యకుండానే, అయినా మాట శుభ్రంగా వినపడుతుంది.

బ్రహ్మం లైటు పడతాడు. ఈ మనిషి ఎప్పుడైనా ఎదురుపడితే కాలరు పట్టుకుని అడగాల్సినవి బోలెడు ఉన్నాయని ఏడాదిగా పళ్ళు నూరుతున్నవాడు, తీరా ఎదురుపడ్డాక బుద్ధిగా లైటు పట్టుకుని నిలబడ్డాడు. అక్క మొగుడు ఏది పట్టమంటే అది పట్టి పెరిగిన చెయ్యి మరి, ఎక్కడికి పోతుంది అలవాటు.

లైటు వెలుగులో కారు కనపడుతుంది, ఆ పాత పద్మినే, మోహనాచారి పాతసామాను కొట్లో చూసి మనసు పారేసుకుని, పెళ్ళాం ఎంత మొత్తుకున్నా వినకుండా తోలించుకొచ్చి, రెండేళ్ళు ఊడబీకి బిగించినది. కాలి బొగ్గయిపోయిన కారు, ఇప్పుడు పెళ్ళికూతురిలా మీగడరంగుతో మెరుస్తోంది, అద్దాలన్నీ ఉన్నాయి.

"అన్నీ కుదిరాయి గానీ మన పంచాయితీ ఇంకా తేలలేదురా," అంటాడు మోహనాచారి. "బెల్టుదా, టర్బోనా?"

"ఇప్పుడెందుకు బావా అది?"

"ఇప్పుడు కాకపోతే ఎప్పుడు? నీ బెల్టుది ఏం చేసుద్ది? ఇంజను తిరిగితే బెల్టు తిరుగుద్ది, బెల్టు తిరిగితే అది గాలి కుక్కుద్ది. అంటే ఇంజను కంచంలోది లాక్కుని ఇంజనుకే వడ్డించడం. టర్బో అట్టా కాదు, పొగగొట్టంలోంచి ఊరికే పోయే వేడిని పట్టుకుని, దాంతో తిరిగి, గాలి లోపలికి తోసుద్ది. ఎంత గాలి కుక్కితే మంట అంత గట్టిగా మండుద్ది, మంట ఎంత గట్టిగా ఉంటే బండి అంత లాగుద్ది. ఇంతే కదరా విద్య."

"బెల్టుది నెమ్మదిగా పనిచేసినా కుదురుగా పనిచేస్తుంది బావా. నీ టర్బో నిప్పుకుంపటి, దానికి నూనె పెట్టాలి, పెట్టిన నూనె మళ్ళీ కిందికి దిగాలి, అదంతా ఎర్రగా కాలే చోట. ఇంత చిన్న పెట్రోలు ఇంజనుకి ఎందుకా తద్దినం అని ఆ రోజే చెప్పాను."

తద్దినం అన్న మాట నోరు దాటాక బ్రహ్మం నాలుక కరుచుకుంటాడు. మోహనాచారి పట్టించుకోడు. బతికుండగానే ఎవరి మాటా పట్టించుకోని మనిషి, చచ్చాక పట్టించుకుంటాడా? బ్రహ్మం చేతిలో లైటు ఉండాల్సింది, ఇప్పుడు బెల్టు ఉంది, అది లాగేకొద్దీ వస్తోంది, షెడ్డు దాటి, టీకొట్టు దాటి, రోడ్డు మీదికి పోతోంది, దాని రెండో కొస ఎవరి చేతిలో ఉందో తెలియడం లేదు, ఉందని మాత్రం తెలుస్తోంది, ఎవరో గట్టిగానే పట్టుకున్నారు.

పంచాయితీలో నెగ్గింది మోహనాచారే. తుక్కుకి పోతున్న ఒక డీజిలు వ్యాను లోంచి టర్బో విప్పుకొచ్చాడు. హెడ్డు కింద మందం గాస్కెట్ వేసి, పెట్రోలు గొట్టాలు మార్చి, ఇంజను తట్టుకునే ఏర్పాట్లన్నీ చేశాడు, ఆ పనితనానికి వంక పెట్టడానికి లేదు. పైపుల పని ఎప్పుడూ బ్రహ్మానిదే కాబట్టి నూనె దిగే పైపు అతనికే అప్పగించాడు. టర్బో కడుపులోంచి నూనె కిందికి దిగడానికి జానెడు స్టీలు పైపు, ఒక వంపుతో. బ్రహ్మం చేయమని ఇస్తే లేతు మిషను అతను సోమవారం ఇస్తానన్నాడు. ఆదివారం మధ్యాహ్నం మోహనాచారి ఆ పైపు చోట ఏదో తగిలించి, బండి తీసుకుని, నున్న ఊరికి పోయే రోడ్డెక్కాడు. మామిడితోటల దగ్గర అది ఊడిందో, కరిగిందో, నూనె పోయి ఎర్రటి టర్బో మీద పడింది. మంటలు చూసి మనిషి దిగాడు కూడా. చూసినవాళ్ళు చెప్పారు, దిగి దూరంగా వచ్చాడట. వచ్చినవాడు వెనక్కి వెళ్ళి బానెట్ ఎత్తాడు.

పైపుల పని ఎవరిది? బామ్మర్దిది. ఇంకేం, ఊరికి కావలసింది దొరికింది. చచ్చినవాడి కళ్ళు చారెడన్నట్టు, మోహనాచారి అంత పనివాడు ఆటోనగర్ మొత్తం మీద లేడని తేలిపోయింది, పైపు సరిగ్గా బిగించని వెధవగా బ్రహ్మం మిగిలాడు. నేను చేసిన పైపు ఇంకా నా దగ్గరే ఉందమ్మా అని లేతు అతను స్వయంగా వచ్చి చూపించినా ఈశ్వరక్క తల తిప్పి చూడలేదు. "చచ్చినవాడి మీదికి నెట్టకు," అంది తమ్ముడితో. పదో రోజున పుట్టింటి చీర పట్టుకెళితే చేత్తో ముట్టుకోలేదు, ఎవరో దూరపు పిన్ని తెచ్చిన చీర కప్పుకుంది. అందరి ముందూ. మడత విప్పని చీర పట్టుకుని బ్రహ్మం వీధి అరుగు మీద ఎంతసేపు కూర్చున్నాడో అతనికే గుర్తు లేదు. అప్పటి నుంచి అక్క గడప తొక్కలేదు, రేపటి సంవత్సరీకానికి కూడా రావద్దని కబురు వచ్చింది.

"బావా, ఆ పైపు నాది కాదని అక్కతో ఒక్క మాట చెప్పు," అంటాడు బ్రహ్మం. "టర్బో గొప్పది, నువ్వు గొప్పోడివి, అన్నీ ఒప్పుకుంటా. ఆ ఒక్క మాట చెప్పు చాలు."

"లైటు సరిగా పట్టరా."

"లైటు సంగతి నీ మొహం! ఏం తగిలించావు ఆ రోజు? తోడబుట్టింది నన్ను హంతకుడిలా చూస్తోంది, నువ్విక్కడ బోల్టులు బిగించుకుంటున్నావా?"

తన గొంతు అంత పెద్దదని బ్రహ్మానికి ఇప్పుడే తెలుస్తుంది. మోహనాచారి మొదటిసారి తల ఎత్తుతాడు. మొహం మీద కాలిన మచ్చ ఒక్కటీ లేదు, అదే బ్రహ్మానికి ఇంకా మంటగా ఉంది. బానెట్ దింపి అతను నడుస్తాడు, వెనక బ్రహ్మం నడుస్తాడు, షెడ్డు గోడ ఎక్కడ అయిపోయిందో తెలియలేదు, అది అక్క వంటిల్లు, నేల మీద మాత్రం ఇంకా గ్రీజు ఉంది. అక్క అటు తిరిగి పీట మీద కూర్చుని గోరుచిక్కుళ్ళు తుంచుతోంది. పిలిస్తే పలకదు. మోహనాచారి గ్యాసుపొయ్యి పక్కన గొంతుక్కూర్చుని, పొయ్యికీ సిలిండరుకీ మధ్య ఖాళీని వేలితో చూపిస్తాడు.

"ఇక్కడిది," అంటాడు.

"గ్యాసు ట్యూబా?"

"ఆదివారం, కొట్లన్నీ మూసేశారు. సాయంత్రం కొండపల్లి తీసుకెళ్తానని మీ అక్కకి మాటిచ్చా. తయారై కూర్చుంది. రెండేళ్ళ నుంచీ ఆ కారుని సవతిలా భరిస్తున్నా, ఒక్కనాడన్నా నన్ను ఎక్కించావా అంది. సరే, ఒక్కసారి నడిపి చూసొచ్చి ఎక్కిస్తానన్నా. పైపు లేదే అంటే ఇది సరిపోద్దా అని తనే అడిగింది. సిలిండరు తనే కట్టేసింది. క్లిప్పు తనే వదులు చేసింది. పట్టుకెళ్ళు, రేపు కొత్తది తెచ్చి పెట్టు అంది."

అక్క చేతుల్లో గోరుచిక్కుళ్ళు తుంచిన చప్పుడు ఆగదు. బ్రహ్మం కూర్చుందామంటే వంటింట్లో కూర్చునే చోటు లేదు, అంతా కారే ఉంది, మీగడరంగు డోరు ఒకటి పప్పుడబ్బాల పక్కన తెరుచుకుని ఉంది.

"అయితే అక్కకి తెలుసు," అంటాడు.

"తెలియకేం."

"తెలిసీ నా మీదా?"

"మరెవరి మీద పెట్టుకుంటుందిరా? నా మీద పెట్టుకుందామంటే నేను లేను. తన మీద పెట్టుకుంటే తను ఉండదు. దగ్గర్లో గట్టిగా నిలబడ్డవాడివి నువ్వొక్కడివే దొరికావు."

ఎంత తేలిగ్గా అంటాడు! బెల్టుదా టర్బోనా అన్నంత తేలిగ్గా అంటాడు. బావ బతుకు కోరతాడు, దాయాది చావు కోరతాడు అంటారు పెద్దలు. ఈ బావ బతుకు కోరిన తీరు ఇదన్నమాట, పోతూ పోతూ అక్క మోయలేనిదంతా తెచ్చి తమ్ముడి నెత్తిన పెట్టాడు. బ్రహ్మానికి ఏడుపొస్తోంది, ఆ ఏడుపులో జాలి పాలు తక్కువ, ఒళ్ళుమంట ఎక్కువ.

"దిగావు కదా," అంటాడు. "దిగి దూరంగా వచ్చావు కదా బావా. మళ్ళీ వెళ్ళి బానెట్ ఎందుకు తీశావు? ఎంత గాలి తగిలితే అంత మంట అని పొద్దస్తమానం మాకు పాఠం చెప్పినోడివి, నీకు తెలీదా?"

మోహనాచారి కొంచెం సిగ్గుపడతాడు. కొత్త అల్లుడిగా వచ్చినప్పుడు రెండోసారి పెరుగు అడగడానికి పడ్డ సిగ్గులాంటిది.

"చూద్దామని," అంటాడు.

"ఏం చూద్దామని?"

"టర్బోకి ఏమన్నా అయ్యిందేమోనని."

అప్పుడు పట్టుకుంటాడు కాలరు, ఏడాదిగా పట్టుకుందామనుకున్న కాలరు, రెండు చేతులతో, పట్టుకుని ఊపుతుంటే ఆ మనిషి ఊగడు, తనే ఊగుతున్నాడు, భుజం పట్టి ఎవరో ఊపుతున్నారు.

"ఏమండీ, లేవండి. ఏంటా కేకలు, పక్కవాళ్ళు వింటున్నారు," అంది సువర్ణ.

నాలుగు దాటినట్టుంది, కిటికీలోంచి ఎండ మంచం దాకా వచ్చింది. భోజనం చేసి నడుం వాల్చినవాడు అలాగే నిద్రపోయాడు. బ్రహ్మం లేచి కూర్చుని మొహం తుడుచుకున్నాడు. భార్య నీళ్ళు తెచ్చిచ్చింది, తాగేదాకా ఆగి, ఇబ్బందిగా మొదలుపెట్టింది.

"వదిన వాళ్ళ పక్కింటావిడ ఫోన్ చేసింది. వదినకి తెలియకుండానేలెండి. రేపు వంటకి మన గ్యాసు ట్యూబు ఒకసారి ఇస్తారా అని. ఆ ఇంట్లో సిలిండరు ఉందట, పొయ్యి ఉందట, మధ్యలో ట్యూబే లేదట. ఆయన పోయిన దగ్గర్నుంచీ కరెంటు పొయ్యి మీదే ఉడకేసుకుంటోందట. కొని పెడతామంటే మీద పడి అరిచిందట. ఏం చాదస్తమో చూడండి."

బ్రహ్మం గ్లాసు కింద పెట్టాడు. ఇన్నాళ్ళూ తన పేరు నిలబడితే చాలనుకున్నాడు. ఇప్పుడు నిలబెట్టుకోవడానికి ఒక్క మాట చాలు, అక్క ఎదుటికి వెళ్ళి ఆ పొయ్యి వైపు చెయ్యి చూపిస్తే చాలు.

"ఇవ్వకు," అన్నాడు.

"అదేంటండీ?"

"మన ట్యూబు ఆ ఇంటికి వెళ్ళకూడదు. ఆ పొయ్యి జోలికి ఎవరినీ పోవద్దని చెప్పు. పక్కింట్లో వండి తెచ్చుకోమను."

సువర్ణ అతని మొహంలోకి చూసింది. తోడబుట్టినదాని ఇంట్లో సంవత్సరీకం నాడు కూడా ఇంత మొండితనమా అన్నట్టు చూసింది.

"పాపం, మీ అక్కే కదా. ఆవిడ ఏదో అందని, ట్యూబు దగ్గర కూడా ఇంత కక్షేంటండీ మీకు?"

"కక్షే అనుకో," అన్నాడు బ్రహ్మం.