మిషనుకి పెట్టిన బొట్టు

నేను ఒక సన్న రంపాన్ని. పుట్టింది పిఠాపురంలో, ఒక కమ్మరి కొలిమి పక్కన. తుమ్మచెక్క పిడి బిగించి, పళ్లకు పదును పెట్టి నన్ను మనిషిని చేసినవాడు వడ్రంగి సోమాచారి. ఆయన చేతిలో కిటికీల పైన వంపులు తీశాను, ఉయ్యాలలకు చిలకలు కోశాను. ఉలీ బాడిసా అదే పెట్టెలో ఉండేవి గానీ, వంపు అనేసరికి ఆయన చెయ్యి నా కోసమే వెతికేది.

ఆయన పోయాక, పెట్టెతో సహా కాకినాడలో ఉన్న కూతురు కామేశ్వరి ఇంటికి చేరాను. అల్లుడు జగదీష్ బ్యాంకు ఉద్యోగి, మేకు కొట్టమంటే వేలు కొట్టుకునే రకం. అలాంటివాడు ఒకరోజు ఇంట్లో వీడియోగేమ్ పెట్టె కడతానన్నాడు. నిలువెత్తు చెక్క బీరువా, మధ్యలో తెర, ముందు ఆట ఆడే జాయ్‌స్టిక్ కర్రా, బొత్తాలూ. కాలేజీ రోజుల్లో అలాంటి పెట్టె ముందే కామేశ్వరి అతన్ని చిత్తుగా ఓడించిందట, ప్రేమ అక్కడే మొదలైందట. పెళ్లాం చేతిలో ఓడిపోని మగవాడు లేడు గానీ, ఆ ఓటమికి గుడి కట్టాలనుకున్నవాణ్ణి ఇతన్నే చూశాను. పెళ్లిరోజుకల్లా అది సిద్ధం కావాలి.

దాని పక్కచెక్కలకు వంపులుంటాయని విని నా ఒళ్లు పులకరించింది. నాన్న పెట్టె ఉందిగా, ముందు అది తెరవమని కామేశ్వరి కూడా చెప్పింది. వింటేగా! ఫోనులో వీడియోలు చూసి, కొట్లో మిషన్లన్నీ తిప్పి తిప్పి చూసి, చివరికి ఒక ఎర్ర కరెంటు రంపాన్ని తెచ్చాడు. దాన్ని మెత్తటి గుడ్డతో తుడిచేవాడు, ఒళ్లో పెట్టుకునేవాడు. మూత సందులోంచి చూస్తుంటే నాకు కడుపు మండిపోయేది. అది చూస్తుండగానే ఒక పక్కచెక్క కోసేసింది. కోత బాగుంది కూడా, అందుకే ఇంకా మండింది.

ఇంతలో మహర్నవమి వచ్చింది. సోమాచారి ఉన్న రోజుల్లో మేమంతా పీట ఎక్కేవాళ్లం, నా పిడికి గంధం, కుంకుమ. మామగారి ఆచారం నిలబెడతానని జగదీష్ ఆ మిషన్ని ఒక్కదాన్నే పీట మీద కూర్చోబెట్టాడు. నా మూతైనా తియ్యలేదు. భక్తి ఎక్కువై దాని ఒళ్లంతా పసుపు నీళ్లు చల్లి, గాలి కన్నాల మీదే దిట్టంగా బొట్లు పెట్టాడు.

పండగ వెళ్లాక మీట నొక్కితే చిటపటమని పొగ వచ్చింది. కాలిన వాసనకి కామేశ్వరి పరుగెత్తుకొచ్చింది.

"నాన్న బొట్టు పెట్టేది పిడికండీ. మీరు మోటారుకే అభిషేకం చేశారు."

బాగుచేసేవాడు పండగకి ఊరెళ్లి ఇంకా రాలేదు. పెళ్లిరోజు దగ్గరపడింది, రెండో పక్కచెక్క మిగిలిపోయింది.

అప్పుడు తెరుచుకుంది నా మూత. తుప్పు రుద్ది, ఆకురాయితో పదును పెట్టింది కామేశ్వరే. అతను చెక్క పట్టుకున్నాడు, ఆమె కోసింది. అచ్చం తండ్రి చేతివాటమే. మధ్యలో ఆగి, నా పిడిని చెంపకి ఆనించుకుని కాసేపు ఏడ్చింది. ఆ కాసేపూ నాకు ఎవరి మీదా అసూయ లేదు.

పెళ్లిరోజున ఇద్దరూ ఆడారు, మళ్లీ ఆమే గెలిచింది. వచ్చినవాళ్లు తెరని మెచ్చుకున్నారు, బొత్తాల్ని మెచ్చుకున్నారు. నా వంపు ఊసు ఒక్కరూ ఎత్తలేదు.

తర్వాతి మహర్నవమికి పీట మీద ఇద్దరం పక్కపక్కనే కూర్చున్నాం. బాగుపడి వచ్చిన మిషనుకి, తీగ చివర భయంభయంగా చిన్న చుక్క పెట్టాడు జగదీష్. అల్లుడికి బుద్ధి ఇంకా పూర్తిగా రాలేదు, నాకు మాత్రం పిడి వదిలేసి సరిగ్గా ఇనుము మీదే తడితడిగా రూపాయి కాసంత బొట్టు పెట్టాడు. తుడవకపోతే అక్కడ తుప్పు పడుతుంది.

పట్టనీ. దానిది చుక్క, నాది బొట్టు.