ఉత్తరం మూల బొట్టు

సెలవు కోసం హణమంత్ నికమ్ తన తల్లిని ఏడుసార్లు చంపాడు. అది దాచుకునే సంగతని అతను ఏనాడూ అనుకోలేదు. బస్సులో పక్క సీటువాడు పలకరిస్తే చాలు, మీసం దువ్వుకుని మొదలుపెట్టేవాడు.

"మొదటిసారి అరవై మూడులో పోయింది మా ఆయీ. 'తల్లి మరణించింది, వెంటనే రావాలి' అని తంతి. పదిరోజులు సెలవు. అరవై ఆరులో మళ్ళీ పోయింది. అప్పుడు కెప్టెన్ సాహెబు నన్ను పిలిచి, 'ఏం నికమ్, మీ నాన్నకి ఎంతమంది పెళ్ళాలోయ్?' అన్నాడు. 'ఒక్కర్తే సాబ్, కానీ గట్టిది, ఒక్కసారికి పోదు' అన్నాను."

బస్సంతా నవ్వింది. సాతారా వెళ్ళే ఆ బస్సులో సగంమంది ఫౌజు ఇళ్ళవాళ్ళే. ఎవరి తల్లి ఎన్నిసార్లు పోయిందో చెప్పుకోవడం మొదలైంది.

ఏడుసార్లు పోయిన ఆ తల్లి, తానుబాయి, కిటికీ పక్కనే కూర్చుని ఉంది. మామూలుగా అయితే ఇక్కడ ఆమె ఒక మాట విసరాలి. "ఏడుసార్లు చచ్చినా నీకు రొట్టెలు కాల్చే పని మాత్రం తప్పలేదు కదరా" అనాలి. అందరూ మళ్ళీ నవ్వాలి. ఈసారి ఆమె ఒళ్ళోని సంచి మూతిని వేళ్ళతో మెలిపెడుతూ బయటికే చూస్తోంది. ఎదురుగా కూర్చున్న మనవరాలు కుంద అది గమనించింది. పదహారేళ్ళ కుంద ఎక్కువగా చేసే పని గమనించడమే. బడిలో పంతులు లేపి నిలబెడితే గొంతులో మాట గొంతులోనే ఉండిపోయేది. "మా కుందకి నాలుక నోట్లో లేదు, వేళ్ళలో ఉంది" అని తండ్రి ఎగతాళి చేసేవాడు. రోజూ పడుకునేముందు ఆమె డైరీ రాసుకునేది. అదీ మోడీ లిపిలో. పాతకాలంలో మరాఠీవాళ్ళంతా ఉత్తరాలు రాసుకున్న ఆ గొలుసు రాత ఇప్పుడెవరికీ రాదు. హెడ్మాస్టరు ఆదివారాలు నేర్పుతానంటే వెళ్ళి నేర్చుకున్నది ఊరు మొత్తంమీద కుంద ఒక్కతే. తమ్ముడు డైరీ దొంగిలించినా చదవలేడన్నదే ఆమె లెక్క. ఆ రాత ఇలా పనికొస్తుందని అనుకోలేదు.

పదిరోజుల కిందట సాతారాలోని పాత దస్తావేజుల ఆఫీసు నుంచి కార్డు వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధంలో పోయిన సిపాయిల సామాను మూటలు కొన్ని ఇళ్ళకు చేరకుండా ఒక గోదాములో ఉండిపోయాయట. వాటిలోని ఉత్తరాలన్నీ ఇప్పుడు తమ దగ్గర భద్రపరిచారట. ఒక మూట మీద నాయక్ జోతిరామ్ నికమ్ పేరుంది, ఇంటివాళ్ళు వచ్చి చూసుకోవచ్చని రాశారు. జోతిరామ్ అంటే తానుబాయి భర్త, హణమంత్ తండ్రి. నలభై అయిదేళ్ళ కిందట ఇటలీలో ఒక నది దాటుతూ పోయాడు. అప్పటికి హణమంత్‌కి ఏడాదిన్నర.

ఆఫీసు మెట్ల దగ్గర హణమంత్ ముందు నడిచాడు. తానుబాయి మనవరాలి మణికట్టు పట్టుకుని ఆపింది.

"కుందా, లోపల నేను రాయించిన ఉత్తరం ఒకటి ఉంటుంది. ముందు అది వెతుకు. మూలన బొట్టు ఉందో లేదో చూసి చెప్పు. నాకు చెప్పు. మీ బాబాకి కాదు."

"ఏం బొట్టు, ఆజీ?"

"ఏం బొట్టో నీకు తెలీదా?"

తెలుసు. వాళ్ళ ఊళ్ళో అందరికీ తెలుసు. ఇంట్లో ఎవరో పోయారని రాస్తేనే ఫౌజులో సెలవు దొరుకుతుంది. పోనివాళ్ళని పోయారని రాయడం ఊరగాయ పెట్టినంత మామూలు. అయితే ఉత్తరం అందుకున్నవాడి గుండె ఆగిపోకూడదు కదా. అందుకని కాగితం కుడి మూలన వేలితో కుంకుమ బొట్టు పెట్టేవాళ్ళు. బొట్టుంటే కబురు అబద్ధం. నిజంగా పోతే కుంకుమ ఎవరు పెడతారు? సిపాయి ముందు మూల చూసుకుని, గుండె కుదుటపడ్డాక, కళ్ళు నులుముకుంటూ సాహెబు దగ్గరికి పోయేవాడు.

"ఎవరు పోయారని రాయించావ్, ఆజీ?"

తానుబాయి మెట్లెక్కింది.

లోపల పట్వర్ధన్ బాయి అనే పెద్దావిడ వాళ్ళని పొడుగాటి బల్ల దగ్గర కూర్చోబెట్టింది. మోడీ చదివే మాస్టారు సెలవులో ఉన్నాడని నొచ్చుకుంది. కుంద చదువుతుందని తెలిసి కళ్ళజోడు పైకి జరిపి చూసింది. "ఈ వయసులోనా? మాకిచ్చేయండి ఈ పిల్లని" అంది.

"తీసుకోండి బాయీ. మాట్లాడదు, తక్కువ తింటుంది" అన్నాడు హణమంత్. వాళ్ళు మూట విప్పేలోగా టీ పట్టుకొస్తానని కిందికి దిగాడు.

మూటలో పెద్దగా ఏమీ లేదు. తుప్పుపట్టిన బెల్టు బకిలు, చిన్న అద్దం, తాడు కట్టిన కాగితాల కట్ట. కట్ట పైన ఆఫీసువాళ్ళ చీటీ ఉంది. బాయి తాడు విప్పి, అట్ట మీద మొదటి కాగితం పెట్టింది. అది కాగితం కాదు, నలుపు తెలుపు ఫోటో. అరచేయంత ఉంది. అందులో మోడీ అక్షరాలు చీమల్లా ఉన్నాయి.

"ఇదేంటి, ఇంత చిన్నది?" అంది తానుబాయి. "నేను రాయించింది పెద్ద కాగితం. ఆ ఏడే కొత్తగా ఇచ్చారు. దీని మీద రాస్తే గాల్లో పోతుంది, పదిహేను రోజుల్లో అందుతుందన్నారు."

"అదేనమ్మా ఇది" అంది బాయి. "ఓడల్లో చోటు లేక, ఉత్తరానికి ఫోటో తీసి ఆ రీలు విమానంలో పంపేవాళ్ళు. అక్కడ ఇలా చిన్నగా అచ్చువేసి సిపాయి చేతికిచ్చేవాళ్ళు. అసలు కాగితం ఇక్కడే ఉండిపోయేది."

"ఇక్కడే ఉండిపోయేదా?"

"ఆఁ. అది వెళ్ళదు. ఫోటోయే వెళ్తుంది."

తానుబాయి ఫోటో మీదికి వంగింది.

కుంద ముందు మూల చూసింది. కుడి మూలన వేలిముద్రంత మచ్చ ఉంది. నల్లగా ఉంది. దీపం మసి అంటినట్టుంది. తర్వాత అక్షరాల మీదికి వంగింది. మొదటి వరుస చదివింది. మళ్ళీ మొదటి నుంచి చదివింది. తను చదవడం తప్పేమోనని ఒక్కొక్క అక్షరం వేలితో గాల్లో రాసుకుని చూసింది.

'చి. హణమంతు దసరా వెళ్ళిన నాలుగో నాడు వాంతులు పట్టుకుని పోయాడు. సెలవు పెట్టి వెంటనే రావాలి.'

హణమంత్ కింద వీధిలో ఎవరితోనో గట్టిగా నవ్వుతూ టీ బేరమాడుతున్నాడు. కిటికీలోంచి ఆ నవ్వు వినిపిస్తోంది.

"ఆజీ" అంది.

తానుబాయి అప్పటికే మూల మీద వేలు పెట్టి ఉంది. ఆమెకి ఏ లిపీ రాదు. కానీ ఎరుపేదో నలుపేదో తెలుసుకోడానికి చదువక్కర్లేదు.

"నేను ఎర్రగా పెట్టాను" అంది. "చెరిగిపోతుందేమోనని రెండుసార్లు అద్దాను. ఊళ్ళో అందరికీ ఉత్తరాలు రాసిపెట్టే కులకర్ణీ తాత్యా రాశాడు. నాకు జ్వరమని రాయమన్నాను. భార్యకి జ్వరమంటే సెలవివ్వరు, అత్తామామా ముందే పోయారు, ఇంక పోడానికి ఎవరున్నారు తానూ, అన్నాడు. హణమంతు నా ఒళ్ళోనే ఉన్నాడు. నా పూసలు లాగుతున్నాడు. సరే, వాడి పేరే రాయి, బొట్టు పెడతాగా, అన్నాను." ఆమె బాయి వైపు తిరిగింది. "మాకు ఫోటో అని చెప్పలేదమ్మా. ఎవరూ చెప్పలేదు."

ఆమె మళ్ళీ మనవరాలి వైపు తిరిగింది.

"ఆయన చూశాడా? అదొక్కటి చెప్పు కుందా. ఇది ఆయన చేతికి అందిందా?"

ఫోటో కింద పెన్సిలుతో రాసిన కాగితం ఉంది, నాలుగు మడతలుగా. జోతిరామ్ పోస్టు చెయ్యని ఉత్తరం. కింద సంతకం కూడా లేదు. కుంద దాన్ని లోపల్లోపలే చదవడం మొదలుపెట్టి, సగంలో రెండు చేతులూ బల్ల కిందికి లాగేసుకుంది, వేడి గిన్నె ముట్టుకున్నట్టు.

అప్పుడే హణమంత్ నాలుగు టీ గ్లాసుల స్టాండుతో లోపలికొచ్చాడు. "ఏం రాశాడు మా నాన్న? నన్నడిగాడా?" అంటూ గ్లాసులు దూరంగా పెట్టి, కట్ట మీది చీటీ చేతిలోకి తీసుకున్నాడు. చీటీ మామూలు అక్షరాల్లోనే ఉంది. పైకి చదివాడు.

"నాయక్ జోతిరామ్ నికమ్. ఇంటి నుంచి వచ్చిన ఉత్తరం ఒకటి. విషయం: కుమారుడు హణమంత్ మరణం."

ఒక్క క్షణం ఆగి పగలబడి నవ్వాడు. "బాయీ! మీ రికార్డులో నేను పోయానే! ఈ సంగతి పెన్షను ఆఫీసువాళ్ళకి చెప్పకండి మహాతల్లీ, వాళ్ళసలే కాచుకుని కూర్చున్నారు."

ఎవరూ నవ్వలేదు. అతను ముగ్గురి మొహాలూ వరసగా చూశాడు.

"నేనే రాయించాన్రా" అంది తానుబాయి.

"ఏం రాయించావ్?"

"నువ్వు పోయావని. సెలవు కోసం."

"ఓస్, అంతేనా! నేను నిన్ను ఏడుసార్లు చంపాను, నువ్వు నన్నొకసారి చంపావు. చెల్లుకి చెల్లు." కానీ ఈసారి నవ్వు సగంలో ఆగింది. అతను ఫౌజులో ఇరవై ఏళ్ళు చేసినవాడు. అతని కళ్ళు వాటంతటవే ఫోటో కుడి మూలకి పోయాయి. "బొట్టేది ఆయీ?"

తానుబాయి రెండో చేత్తో పెన్సిలు కాగితాన్ని మనవరాలి ముందుకు జరిపింది. "కుందా, చదువు" అంది. "ఆయన రాసింది చదువు. మొదట్నుంచీ. ఒక్క ముక్క వదలొద్దు."

కుంద తండ్రి వైపు చూసింది. నానమ్మ వైపు చూసింది. అక్కడ లేనివి చదవొచ్చు. బొట్టు చూశాను తానూ, నవ్వుకున్నాను తానూ, అని చదవొచ్చు. ఈ గదిలో పట్టుకునేవాళ్ళు లేరు. ఆ మాటలు నాలుక చివరిదాకా వచ్చాయి. కానీ అవి కూడా ఇంకొక సెలవు ఉత్తరమే అవుతాయి. పైగా నానమ్మ వేలు ఇంకా ఆ నల్ల మచ్చ మీదే ఉంది.

కుంద చదివింది. ఆమె గొంతు ఆ గది చివరిదాకా వినబడటం ఆమెకే వింతగా ఉంది.

"'చి. సౌ. తానూకి జోతిరామ్ ఆశీస్సులు. నీ ఉత్తరం అందింది. ముందు మూల చూశాను. ఎండలో పెట్టి చూశాను. దీపం దగ్గర చూశాను. తెల్లారాక మళ్ళీ చూశాను. ఎరుపు లేదు. మసి మచ్చ ఉంది. సఖారామ్‌కి చూపిస్తే వాడూ మసే అన్నాడు. సెలవు అడిగాను. ఓడలు లేవన్నారు. హణమంతుకని ఇక్కడొక ముసలమ్మ దగ్గర నీలం ఊలు టోపీ ముందే కొన్నాను. సఖారామ్‌కి కూతురు పుట్టింది కదా, ఆ పిల్లకిచ్చేశాను. నువ్వు ఏడ్చి ఏడ్చి పడిపోకు. ఎల్లుండి నది దాటాలి. ముందు పన్నెండుమంది తాడు తీసుకుని ఈదాలి. పిల్లలున్నవాళ్ళు వెనక్కి నిలబడండి అన్నాడు సాహెబు. ఉన్నవాళ్ళంతా వెనక్కి జరిగారు. నేను జరగలేదు. పోయేముందు హణమంతు నన్ను'..."

"తర్వాత?" అన్నాడు హణమంత్.

"అంతే బాబా. అక్కడ ఆపేశారు."

టీ మీద మీగడ కట్టింది. హణమంత్ నిలబడే ఉన్నాడు. చిన్నప్పటి నుంచీ తండ్రి ఫోటోకి దండ వేసినవాడు, దేశం కోసం ముందుకు దూకిన నాయక్ కొడుకునని ఊరంతా చెప్పుకున్నవాడు. చెయ్యెత్తి తన చెంప తడుముకున్నాడు, తను ఉన్నాడో లేడో చూసుకుంటున్నట్టు.

తానుబాయి ఏడవలేదు. "వెనక్కి జరగలేదట" అంది. "ఈతలో మొనగాడు. అయినా జరగాల్సింది." మళ్ళీ అదే మాట అంది. ఇంకోసారి అంది. మూడోసారికి ఆమె గొంతులో మాట లేదు, పెదవులు మాత్రం కదిలాయి. కుంద లేచి వెళ్ళి ఆమె భుజాలు పట్టుకుంది.

పట్వర్ధన్ బాయి మెల్లగా కలం తీసింది. "చీటీ మీద తప్పుంది. కుమారుడు బతికే ఉన్నాడని దిద్దుతానమ్మా."

"వద్దు" అంది తానుబాయి. "ఆయనకి తెలిసింది అదే. అదే ఉండనీ."

బాయి కలం మూత పెట్టేసింది.

హణమంత్ వంగి, అట్ట మీది ఫోటోని రెండు వేళ్ళతో తీసుకున్నాడు. కాగితాలు గది దాటకూడదని గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంది. బాయి ఆపలేదు. అతను కిటికీ దగ్గరికి పోయి చూశాడు. తిరిగొచ్చి బల్ల మీది దీపం వెలిగించి, దాని కింద పెట్టి చూశాడు. ఆ తర్వాత తలుపు తోసుకుని వరండాలోకి వెళ్ళాడు. కుంద వెనకే వెళ్ళింది.

బయట మిట్టమధ్యాహ్నపు ఎండ. అతను ఫోటోని కళ్ళకి దగ్గరగా పెట్టుకుని, ఇటు వంచి, అటు వంచి చూస్తున్నాడు. బొటనవేలితో మూలని తుడిచి మళ్ళీ చూశాడు. నలభై ఆరేళ్ళ మనిషి మెడ మీద నరాలు తీగల్లా లేచి ఉన్నాయి.

"నువ్వు చూడవే, కుందా" అన్నాడు. "నీ కళ్ళు మంచివి. ఎక్కడైనా కాస్త ఎరుపుందా?"