అచ్చులో సవతి

నా సవతి చచ్చిపోయి మూడేళ్లయింది. అయినా మొన్న వేసవిదాకా ప్రతి ఆదివారం సాయంత్రం మా బల్ల దగ్గరికి వచ్చేది. పైగా ఆమెను పిలుచుకొచ్చేది నేనే, నా నోటితోనే.

ఇంగ్లండులోని మా నారిచ్‌లో భక్తిగల ఇల్లాలు కన్నుమూస్తే, పాతిపెట్టే రోజున చర్చి అయ్యగారు ప్రసంగం చేస్తారు. ముందు దేవుని వాక్యం, చివర్లో ఆ ఇల్లాలు బతికిన తీరు. కాస్త కలిగినవాళ్లయితే దాన్ని లండన్ పంపి అచ్చు వేయిస్తారు. మా ఆయన ఆంబ్రోస్ ఉన్ని బట్టలకు రంగులద్దిస్తారు, చేతిలో నాలుగు డబ్బులున్నాయి. మొదటి భార్య థామసిన్ పోయినప్పుడు ఆయనా వేయించారు. ఆ పుస్తకం మా ఇంట్లో బైబిల్ పక్కనే ఉండేది. ఆదివారం పనివాళ్లందరినీ కూర్చోబెట్టి, "సిబిల్, చదువు" అనేవారు. చదవాల్సిందే.

థామసిన్ తెల్లవారకముందే లేచి మోకాళ్ల మీద ఉండేదట. భర్తకు ఏనాడూ ఎదురు చెప్పలేదట. గొంతు పెంచి ఎరగదట. రంగు రిబ్బన్లు ముట్టలేదట. నవ్వొచ్చినా పెదవి దాటనిచ్చేది కాదట. చదువుతుంటే నాకు కడుపు మండిపోయేది. ఆయన కళ్లు మూసుకుని, ఒక్క మాట కూడా జారిపోకుండా వినేవారు. నా మాట అంత శ్రద్ధగా ఎప్పుడైనా విన్నారా?

"పోన్లెండమ్మా, ఆవిడొచ్చి వంటింట్లో పెత్తనం చెయ్యదు గదా," అనేది మా పనిమనిషి ఉర్సులా.

చేసినా బాగుండేది. బతికున్న సవతైతే ఏదో ఒకరోజు కూర మాడుస్తుంది, నోరు జారుతుంది. అచ్చులో ఉన్న మనిషికి తప్పెలా దొర్లుతుంది?

సరే, ఆమెను ఆమె ఆటలోనే ఓడిద్దామనుకున్నాను. నా ఎర్ర రిబ్బన్లు ఉర్సులాకు ఇచ్చేశాను. చీకటితో లేచి మంచులాంటి గచ్చు మీద మోకరిల్లాను, మోకాళ్లు వాచాయి. బీరు కాస్తూ పాడుకునే పాటలు మానేశాను. ఆయన ఏమన్నా "అలాగేనండీ" అన్నాను. ఇంత చేస్తే ఆయన మనసు కరగాలి కదా? రోజురోజుకూ ఇంకా ముభావంగా తయారయ్యారు. నేను ఇంకో గంట ముందు లేవడం మొదలుపెట్టాను.

మొన్న వేసవిలో పెవెరెల్ అయ్యగారు మధ్యాహ్నం భోజనానికి వచ్చారు. థామసిన్ ప్రసంగం చేసింది ఆయనే. మాంసం కూరిన రొట్టె రెండోసారి వడ్డించుకుంటూ శుభవార్త చెప్పారు.

"పుస్తకాలన్నీ అమ్ముడైపోయాయి ఆంబ్రోస్! మళ్లీ వేస్తామంటున్నారు. ఈసారి ముందుమాటలో నీ గురించీ రాస్తానమ్మా సిబిల్. ఆ పుణ్యవతి అడుగుజాడల్లో నడుస్తున్న ఇల్లాలని."

"నేను చచ్చాక కూడా అచ్చులో ఆవిడ వెనకాలేనా?" అన్నాను.

"అదేంటమ్మా, అది గౌరవం గదా!"

"ఆ గౌరవం మీరే ఉంచుకోండి అయ్యగారూ!"

చేతిలో ఉన్న చెక్క పళ్లెం రొట్టెతో సహా విసిరేశాను. గోడకు తగిలి అయ్యగారి టోపీ మీద పడింది. అయిపోయింది, ఈ ఇంట్లో నా బతుకు ఈ పూటతో సరి అనుకున్నాను.

అప్పుడు ఆంబ్రోస్ నవ్వారు. బల్ల మీద కొట్టి, కళ్ల వెంట నీళ్లు కారేలా నవ్వారు. అయ్యగారు టోపీ దులుపుకుని, సెలవైనా తీసుకోకుండా వెళ్లిపోయారు.

"ఎందుకండీ ఆ నవ్వు?"

"థామసిన్ ఒకసారి నా మీదకి గంజి గిన్నె విసిరింది," అన్నారు. "గురి మాత్రం నీకంటే బాగుండేది."

"పుస్తకంలో అలా లేదే!"

"అయ్యగారు ఆవిణ్ణి సరిగ్గా చూసిందెప్పుడు? పోయిన రోజున నా దగ్గరికొచ్చి, ప్రార్థన చేసేదా, అణకువగా ఉండేదా అని అడిగారు. నేను ఏడుస్తూ అన్నిటికీ ఔనన్నాను. పొద్దెక్కేదాకా పడుకునేది సిబిల్. చర్చిలో పక్కవాళ్లను గిల్లి నవ్వించేది."

"మరి ప్రతివారం నాతో ఎందుకు చదివించారు?"

"ఎక్కడో ఒక మాటలోనైనా కనిపిస్తుందేమోనని. ఒక్కచోట కూడా లేదు. ఇంక చదవకు, తీసేయ్." నా వైపు తిరిగి అన్నారు: "చేపల అంగడి ముందు నువ్వు పగలబడి నవ్వుతుంటే విని నిన్ను పెళ్లికి అడిగాను. ఇంటికొచ్చాక ఆ నవ్వు ఏం చేశావే?"

ఇన్నాళ్లూ ఏది కోరానో అది దొరికింది. పుస్తకం తీసుకెళ్లి పెట్టె అడుగున పడేశాను. తర్వాత పెరట్లో కూర్చుని ఏడ్చాను. కాగితం మనిషినైతే పెట్టెలో పెట్టి మూత వేయగలిగాను. గిన్నెలు విసిరే ఆ అసలు థామసిన్‌ను ఎక్కడ పెట్టను?

ఇప్పుడు మా ఇంట్లో పాటలున్నాయి, తగాదాలున్నాయి. నేను నవ్వితే చాలు, ఆయన చేస్తున్న పని ఆపి ఆశగా తలెత్తి చూస్తారు. చూసేది ఎవరినో అడగడానికి నాకు ధైర్యం చాలడం లేదు.