దారంతో కొలిచిన ఆకాశం

పదవీ విరమణ చేసిన ఆ భూగోళం టీచరుకు పిల్లలు చాటుగా పెట్టిన పేరు స్కేలమ్మ. లోకంలో కొలతకు అందనిది లేదని ఆమె నమ్మకం. తాను కొలిచినది తప్పు కాదని అంతకు మించిన నమ్మకం.

హాస్టల్ ఆయా మీద బియ్యం దొంగతనం మోపి ఉద్యోగం ఊడబెరికారు. సామాన్ల గది తాళంచెవి ఆయా చేతికి ఎన్నడూ ఇవ్వలేదని చెప్పగల సాక్షి, ఒకప్పటి వార్డెను స్కేలమ్మ ఒక్కతే. విచారణ ఉత్తరాన వేరే జిల్లా పట్టణంలో, పదకొండు గంటలకు.

"రాత్రి బస్సెక్కక్కా, తెల్లారేసరికి దింపేస్తాడు," అన్నాడు తమ్ముడు.

స్కేలమ్మ గోడ మీది పటంలో రెండు విమానాశ్రయాల మధ్య దారం లాగి పట్టి, దాన్ని స్కేలుపై పరిచింది. "రెండు వందల కిలోమీటర్లు. విమానానికి అరగంట పని. బస్సులో నడుం విరగ్గొట్టుకునే ఖర్మ నాకేమిటి?"

"విమానం నీ దారం పట్టుకుని పోతుందా?"

"ఉత్తరానికి ఎలా పోవాలో నాకు చెప్పొచ్చావా!"

పొద్దున ఎనిమిదింటి విమానానికి తానే వెళ్లి టిక్కెట్టు కొన్నది. అందులో రాజధాని పేరు కనబడితే, బస్సు ఆగినట్టే కాసేపు ఆగుతుంది కాబోలనుకుంది. దిగే వేళ చూడనే లేదు. కొలిచిన మనిషికి మళ్లీ చదవడమెందుకు?

గాలిలోకి లేచాక కిటికీలోంచి చూసి ఉలిక్కిపడింది. ఉత్తరానికి పోయేవారికి ఉదయపు సూర్యుడు కుడివైపు ఉండాలి. ఆయన ఎడమవైపు దర్జాగా కూర్చున్నాడు.

"అమ్మాయ్, మీ పైలట్ దారి తప్పాడు!"

ఎయిర్‌హోస్టెస్ వంగి, "లేదమ్మా, దక్షిణాన రాజధానికే పోతున్నాం. మీరక్కడ దిగి, మూడు గంటలు కూర్చుని, వేరే విమానం ఎక్కాలి," అంది, చంటిపిల్లను బుజ్జగించినట్టు.

ముప్పయ్యేళ్లు దిక్కులు వల్లె వేయించిన మనిషి సంచిలోంచి టిక్కెట్టు తీసి, మొదటిసారి చివరిదాకా చదివింది.

పదకొండింటికి రాజధాని విమానాశ్రయం నుంచి ఆయాకు ఫోను చేసింది.

"ఎక్కడున్నారమ్మగారూ? లోపలికి పిలిచేశారు. మీరు రాకపోతే నేను దొంగననే రాసేస్తారు!"

"ఫోను అధికారికియ్యి."

అధికారి గొంతు పొడిగా పలికింది. "ఆలస్యానికి కారణం?"

విమానం ఆలస్యమైందన్న అబద్ధం ఆమె నాలుక చివరిదాకా వచ్చింది. సాక్ష్యానికి బయలుదేరిన మనిషి మొదటి మాటే బొంకితే, తాళంచెవి మాట ఎవరు నమ్ముతారు?

"కారణం నా మూర్ఖత్వం బాబూ. భూగోళం టీచర్ని. పటం మీద దారం పెట్టి కొలిచి, విమానం తిన్నగా పోతుందనుకున్నాను. ఉత్తరానికి రావలసినదాన్ని దక్షిణాన వచ్చి కూర్చున్నాను. రెండింటికి అక్కడ దిగుతాను. ఇది ఆమె కూటి సంగతి. నా తెలివితక్కువకు ఆమెను శిక్షించకండి."

అవతల ఎవరో నవ్వాపుకోలేక దగ్గారు.

"ఇదే దాచనివారు మిగతాది దాచరులెండి," అన్నాడు అధికారి. "మూడింటిదాకా చూస్తాను. రండి."

ఫోను మళ్లీ ఆయా చేతికొచ్చింది. "అమ్మగారూ, కోప్పడనంటే ఒక మాట," అంది గుసగుసగా. "ఈసారి ఎక్కేముందు ఎవర్నైనా అడగండి."

స్కేలమ్మ కోప్పడలేదు. లేచి వెళ్లి నలుగురిని అడిగింది.