కుర్చీ బరువు

నెదర్లాండ్స్‌లోని ఉర్క్ రేవులో నలభై ఏళ్లు చేపలమ్మిన రీకెల్ట్, వృద్ధాశ్రమంలో ఉన్న భార్య ఫోక్యె వేలి నుంచి ఉంగరం జారి సూప్‌లో పడటం చూసి నర్సు ఇల్సెను పిలిచాడు.

"మనిషి చిక్కి సగమైంది. మీ లెక్కలో ఎంతుంది?"

"పోయిన నెల యాభై రెండు కిలోలు, ఈ నెలా అంతే తాతా. తగ్గుంటే మీగడ కలిపిన జావ పెట్టేవాళ్లం కదా."

"ఎలా తూచారు?"

"కుర్చీతోనే. చక్రాల కుర్చీకి పద్నాలుగు తీసేస్తాం."

"పద్నాలుగు పాత కుర్చీది అమ్మాయ్, ఇది కొత్తది."

ఇల్సె ఫోక్యెను మంచం మీదికి చేర్చి, ఖాళీ కుర్చీని తూచింది. పంతొమ్మిది.

"తప్పు మాదే," అంది.

మెత్తగా ఉంటుందని ఈ నెలే ఆ కుర్చీ కొని తెచ్చింది రీకెల్టే. పెట్టె బరువు తీసేయకుండా ఒక్క చేపైనా అమ్మనివాడు, ఇక్కడ మొన్న బరువు తగ్గలేదంటే నమ్మి నిశ్చింతగా ఇంటికెళ్లాడు.

జావ వచ్చింది. ఫోక్యె రెండు చెంచాలు తాగి నోరు మూసుకుంది. పోయిన ఐదు కిలోలు రెండేసి చెంచాలతో ఎన్నాళ్లకు తిరిగొస్తాయో రీకెల్ట్ లెక్కేశాడు. ఆమెకు అన్నాళ్లు లేవు.