రాక్షసుడి తువ్వాలు

లోడింగు సైరన్ మోగిందంటే కిరండూల్ రైల్వే క్వార్టర్లలో ఆడవాళ్ళు చేతిలో పని వదిలేసి దండేల దగ్గరికి పరుగెడతారు. కొండ మీంచి వచ్చిన ఇనపరాయి వ్యాగన్లలో పడుతున్నంతసేపూ ఎర్రటి దుమ్ము లేస్తుంది. పావుగంటలో బట్టలు తీయకపోతే తెల్ల చొక్కా కాస్తా ఇటుక రంగుకు తిరుగుతుంది. మళ్ళీ ఉతకాల్సిందే. నూకమ్మకు ఎనిమిదేళ్ళుగా ఈ పరుగు అలవాటే. నిద్రలో సైరన్ వినబడినా ఆమె చేతులు క్లిప్పుల కోసం తడుముకునేవి.

సాయంత్రం బట్టలు లోపల పడేశాక, పొయ్యి వెలిగించేలోపు ఆమెకొక గంట దొరికేది. ఆ గంటలో వరండాలో చాప పరిచి పిల్లలకు తెలుగు చెప్పేది. బడిలో అంతా హిందీ, బజారులో అక్కడివాళ్ళ హల్బీ, ఇంట్లో తెలుగు. రాయమంటే మూడూ కలిసిపోయేవి. పక్క క్వార్టరు ఏలియా ‘డ్యూటీ నుంచి’ అనబోయి ‘నాన్న డ్యూటీసే వచ్చాడు’ అని రాసేవాడు. లోడింగులో పనిచేసే కమ్లీ కూతురు సోమికి ఇంట్లో గోండీ. ఎవరూ పిలవకుండానే ఒకరోజు వచ్చి చాప మీద కూర్చుని, “నాకూ రావాలి” అంది.

చీపురుపల్లి దగ్గర పల్లెలో పదో తరగతి దాకా చదివిన నూకమ్మకు వ్యాకరణమంటే మాస్టారి బెత్తమే గుర్తు. అందుకని ఆమె బెత్తం బదులు ఒక రాక్షసుణ్ణి తెచ్చింది.

ఆ రాక్షసుడికి నూరు ఏనుగుల బలం. ఏడు సముద్రాలు దూకి రాకుమారిని ఎత్తుకొచ్చాడు. కానీ స్నానం చేసి వస్తే తువ్వాలు కనబడదు. “ఏదీ నా తువ్వాలు?” అని అరిస్తే కొండలు అదిరేవి. “మీ భుజం మీదే ఉంది” అనేది రాకుమారి. ఒకరోజు ఇంకా పెద్ద చిక్కొచ్చింది. తన ప్రాణాన్ని ఏ చిలకలో దాచాడో మర్చిపోయాడు. “నా ప్రాణం ఎక్కడ పెట్టావే?” అని రాకుమారి మీదే కేకలేశాడు.

పిల్లలు పడీపడీ నవ్వేవారు. “చిలక ఎగిరాడు!” అనేది సోమి. హిందీలో చిలక మగవాడు మరి. “ఎగిరింది!” అని మిగతావాళ్ళంతా అరిచేవారు. “ఎగిరింది, ఎగిరింది” అంటూ సోమి చేతులు రెక్కల్లా ఆడించేది. కర్త, కర్మ, క్రియ రాకుమారి వెనకాలే నడిచొచ్చి చాప మీద కూర్చున్నట్టుండేవి. లోపల గుమ్మం పక్కన అత్తగారు తాతమ్మ చింతపండు గింజలు తీస్తూ ఉండేది.

అలా సాగిపోతుండగా నూకమ్మ ఒక పొరపాటు చేసింది. ఇంట్లో వినబడే ఆజ్ఞలు పది రాసుకు రమ్మంది. మర్నాడు పుస్తకాలన్నీ ఒకటే పాట పాడాయి. మంచినీళ్ళు తే. చెప్పులు ఇటు తొయ్యి. ఫ్యాను వెయ్యి. నోరు ముయ్యి. తెలుగు సంఘం పెద్ద రామ్మూర్తి గారమ్మాయి పద్దెనిమిది రాసి, కింద ‘ఇంకా ఉన్నాయి, పేజీ అయిపోయింది’ అని చేర్చింది.

ఆ పేజీ రామ్మూర్తి కంట పడింది. ఆయన వచ్చి నూకమ్మను పలకరించలేదు. ఆమె భర్త జయరావుతో మాట్లాడాడు. ఆమె టీ తెచ్చిపెడితే గ్లాసు అందుకుని, ఆమె పక్కన లేనట్టే, “ఇంటి గుట్టు బయటపెట్టించే చదువేటి, జయరావూ?” అన్నాడు.

ఆయన వెళ్ళాక జయరావు, “నా పరువు తీసీసినావు. ఆదివారంతో ఆపీ. ఆపైన ఈ సాప పరవకు” అన్నాడు.

ఆ వారమంతా నూకమ్మ పప్పు కడుగుతూ, అంట్లు తోముతూ తనలో తనే మాట్లాడుకుంది. జయరావు చెడ్డవాడు కాదు, తాగడు, చెయ్యెత్తడు. జనాభా లెక్కల వాళ్ళు వచ్చినప్పుడు మాత్రం, “మా ఆడది ఏటీ సెయ్యదండి, ఇంట్లోనే ఉంటాది” అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన ఒంటి మీద ఉన్నది ఆమె రెండుసార్లు ఉతికిన చొక్కా. అప్పుడామెకు కోపం కూడా రాలేదు. నిజమే కాబోలు అనుకుంది. చాప పరిచాకే తెలిసింది, తను నోరు తెరిస్తే పదిమంది పిల్లలు ఊపిరి బిగబట్టి వింటారని. రోజంతా ఇంట్లో ఎవరూ ఆమె మాట చివరిదాకా వినేవారు కాదు. ఆ గంట పోతే ఇక మిగిలేవి పప్పూ, సైరనూ.

ఆదివారం వచ్చింది. జయరావుకు సెలవు. లోపల మంచం మీద పడుకున్నాడు. ఆఖరి పాఠమని పిల్లలకు తెలియదు. ఏలియా ముందు వరస కోసం తోసుకుంటున్నాడు. రాక్షసుడు ప్రాణం కోసం ఇల్లంతా వెతికి, మంచం కింద దూరి, బయటికి రాలేక ఇరుక్కుపోయాడు. రాకుమారి చీపురు పక్కన పెట్టి అతని వైపు చూసింది. సరిగ్గా అప్పుడు సైరన్ మోగింది. ఆ రోజు గంట ఆలస్యంగా మోగింది.

దండెం నిండా ఇంకా బట్టలున్నాయి. నూకమ్మ కాళ్ళు లేవబోయాయి. పిల్లలందరి కళ్ళూ ఆమె మీదే ఉన్నాయి. సోమి నోరు తెరిచే ఉంది. నూకమ్మ చాప అంచును రెండు చేతులా పట్టుకుని కూర్చుంది.

“నూకాలూ! బట్టలు!” లోపల్నుంచి జయరావు కేక.

“రాకుమారి అంది కదా,” అంది నూకమ్మ పిల్లల వైపే చూస్తూ, “మీ ప్రాణం మీరే వెతుక్కోండి అని.”

“ఓలే! ఇనబడ్లేదేటి? సొక్కాలు ఎర్రగయిపోతాయి!”

గుమ్మం పక్కన చింతపండు పళ్ళెం కిందపెట్టిన చప్పుడైంది. “నీ సొక్కాలే గదరా?” అంది తాతమ్మ. “సేతులు లేవేటి? నెగిసి తెచ్చుకో. సాప మీద గుంటలు కత ఇంతన్నారు. నానూ ఇంతన్నాను.”

కాసేపటికి జయరావు లుంగీ ఎగ్గట్టుకుని బయటికొచ్చాడు. ఎవరివైపూ చూడకుండా దండెం దగ్గరికి వెళ్ళాడు. క్లిప్పులు తీయడం చేతకాక చొక్కా పట్టుకు లాగితే రెండు క్లిప్పులు మురుక్కాలవలో పడ్డాయి. పక్క క్వార్టరు ఆడవాళ్ళు చేతుల్లో దుప్పట్లతో అలాగే నిలబడి చూశారు.

“బాబాయి బట్టలు తీశాడు,” అంది సోమి నెమ్మదిగా. ఈసారి దిద్దాల్సిన అవసరం ఎవరికీ రాలేదు.

జయరావు ముఖం ఎర్రబడింది. పెదవి చివర నవ్వు ఆపుకుంటున్నట్టు కూడా ఉంది. భుజం మీద బట్టల గుట్టతో గుమ్మంలో ఆగాడు. “ఇంతకీ ఆ రాచ్చసుడి పేనం దొరికిందా, లేదా?” అన్నాడు.

నూకమ్మ ఆయన వైపు చూసింది. దుమ్ము అప్పుడే వరండా దాకా వస్తోంది. ఆమె లేచి, చాప దులిపి, చుట్టి, ఎప్పట్లాగే గోడకు ఆనించింది.

“పిల్లలూ, రేపు ఐదింటికి పెన్సిళ్ళు చెక్కుకుని రండి,” అంది. తర్వాత భర్తతో, “మీరూ రేపు వచ్చి చాప మీద కూర్చోండి, చెప్తాను.”